మేకపిల్లలకు ఇచ్చిన మర్యాద

మా అమ్మాయి ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. ఆ వారం తనకు ఒక పాత ఇంగ్లీషు నవల పాఠం. మంచి ఇళ్ల పిల్లలు కొందరు పెద్దవాళ్లెవరూ లేని దీవిలో చిక్కుకుంటారు. మొదట సభలు పెట్టుకుంటారు, పనులు వంతులేసుకుంటారు. పోనుపోను మొహాలకు రంగులు పూసుకుని ఒకరినొకరు వేటాడతారు. నాగరికత, ఆటవికత అని దానిమీద వ్యాసం రాయాలట. మా బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని కథంతా చెప్పి, "నువ్వేమంటావు నాయనా?" అని అడిగింది.

"దీవి కాబట్టి అట్లయింది. ఆడ ఒక అంగడి ఉండింటే కొట్టుకునేటోళ్లు కాదు. రేపు మళ్లా కొనడానికి వచ్చేటోడిని ఎవడు సంపుకుంటాడు?"

"ఇది రాస్తే సున్నా ఏస్తారు."

"సున్నా దగ్గర మొదలుపెట్టి పైకి బేరమాడుకో."

అంగళ్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. లోకంలో దేన్నయినా కొలిచి కత్తిరించవచ్చని నా నమ్మకం. నవలను కూడా అలాగే కత్తిరించేశాను.

మరుసటి రోజు పొద్దున చేనేత టవళ్ల కోసం ఎమ్మిగనూరు పోయాను. సరుకు కట్టించుకుని, అలవాటు ప్రకారం పక్కనున్న స్టీలు సామాన్ల అంగట్లో కూర్చున్నాను. ఆ అంగడాయన నాకు ఏళ్లుగా ఎరుక. చీమ కనిపిస్తే ఊదుతాడే గాని నలపడు. లోపలికొచ్చినవాళ్లు వదిలిన చెప్పులు తానే వంగి వరసగా పెడతాడు.

ఆ రోజుల్లో అందరి ఫోన్లలోనూ ఒకటే వార్త, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని. ఏ ఊళ్లో ఎవరి పిల్ల పోయిందో ఎవరికీ తెలియదు. అయినా బడి ముందర తల్లులు గుంపుగా నిలబడుతున్నారు. కొత్త మనిషి కనిపిస్తే మాటలు ఆగిపోతున్నాయి.

అంగడి నీడన ఒకాయన నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. హొళగుంద వైపు మనిషి, ఇంటిమాట కన్నడం. అవతల తెలుగువాడెవరో ఉన్నట్టున్నాడు, కష్టపడి తెలుగులో చెబుతున్నాడు.

"ఇద్దరు పిల్లలుండారప్పా. నిన్ననే తల్లి దగ్గర నుంచి తెచ్చినా. పాలు మానేసినారు. వచ్చి సూడు, నచ్చితే పట్టుకుపో."

స్టీలు అంగడాయన లేచి నిలబడ్డాడు. "ఎవరి పిల్లలు?"

ఆ గొంతుకు ఆ మనిషి బెదిరిపోయాడు. బెదిరేసరికి ఉన్న తెలుగు కూడా పోయింది. "ఆడు మరి... ఆడు మరి..." అన్నాడు.

కన్నడంలో ఆడు అంటే మేక, మరి అంటే పిల్ల. మామూలు రోజున ఆ బజారులో ఈపాటి కన్నడం రానివాడు లేడు. ఆ రోజు మాత్రం అందరి చెవులకూ అది 'వాడు మరి' అని తెలుగుగానే వినిపించింది.

"ఆడంట. ఇంకొకడు కూడా ఉండాడు."

"ఆడెవడో సెప్పురా."

నాకూ వెంటనే తట్టలేదు. తట్టేలోపు చుట్టూ గుంపు కట్టేశారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు చెంప మీద కొట్టాడు. కొట్టిన చప్పుడు చిన్నదే గాని దాంతో గుంపు ఊపిరి మారింది. ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. అందరూ ఎరిగిన మొహాలే, నా దగ్గర రూపాయి తగ్గించమని నవ్వుతూ గొడవపడే మొహాలు. ఒక్కదానిలోనూ నవ్వు లేదు. స్టీలు అంగడాయన లోపలికి పోయి, అమ్మకానికి పెట్టిన ఇత్తడి రోకలి తీసుకుని వచ్చాడు. దానికి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

పారిపోదామనుకున్నాను గాని సరుకు కట్ట వదల్లేకపోయాను. "మేకలప్పా, మేకలు" అని అరిచినట్టే అనుకున్నాను. నాకే వినబడలేదు.

మా తాత ఎద్దుల సంతలో దళారి. సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు టవలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. ఆ చేతులు విడిపోయేదాకా మూడోవాడు మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. అది సంత కట్టడి. ఎంత తాగినవాడైనా దాన్ని దాటగా నేను చూడలేదు.

కట్టలోంచి కొత్త టవలు లాగి ఆ మనిషి చేతి మీద కప్పి, కింద ఆ చెయ్యి పట్టుకున్నాను.

"జరగండప్పా. బేరం నడుస్తాంది." నా గొంతు కోడిపెట్ట గొంతులా వచ్చింది.

రోకలి పైకి లేచిన చోటనే ఆగింది. ఎవరో వెనక నుంచి, "యా బేరం?" అన్నారు. ఇంకొకరు, "ఉండప్పా, సెయ్యి గుడ్డ కిందుంది" అన్నారు.

ఆ చెయ్యి మంచులా ఉంది. పిల్లకు రెండు వేలని రెండు వేళ్లు నొక్కాను. కాసేపు కదలిక లేదు. ఇతను సంత మనిషి కాకపోతే ఎట్లా అనుకుంటూ మళ్లీ నొక్కాను. అప్పుడు ఆ చెయ్యి నా మూడో వేలు కూడా పట్టుకుని గట్టిగా నొక్కింది. నెత్తిమీద రోకలి ఉండగా కూడా ఆ మహానుభావుడు నేను చెప్పిన ధరకు ఒప్పుకోలేదు. పుట్టాక మొదటిసారి మారు బేరం లేకుండా ఒప్పేసుకున్నాను.

"ఖాయం. మేకపిల్లల జత నాది. యాడుండాయో పోదాం పదండి."

"మేకపిల్లలా?" అన్నాడు స్టీలు అంగడాయన.

"మరేమనుకుంటివన్నా?"

టీ బంకు వెనకాల రెండు పిల్లలు కట్టేసి ఉన్నాయి. ఒకటి కాగితం కప్పు నములుతోంది. ఎవరో నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. "నేను ముందే అనుకున్యా" అని కూడా ఒకరు అన్నారు. స్టీలు అంగడాయన రోకలిని గుడ్డతో తుడిచి, చీటీ సరిచేసి, దాని చోట పెట్టాడు. తరువాత ఆ మనిషికి తానే నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగుతుంటే పళ్లు గ్లాసుకు తగిలి టకటకమన్నాయి.

డబ్బిచ్చి, హొళగుంద బస్సు కదిలేదాకా ఆ మనిషి పక్కనే నిలబడ్డాను. తాడు నా చేతికిస్తూ, "మెల్లగా తోలుకపో సార్. వాళ్లు బెదురుతారు" అన్నాడు.

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. తెలుగులో మర్యాదకు 'రు' చేర్చాలని ఎవరు నేర్పారో గాని, ఆయన మేకలకు కూడా చేర్చాడు.

"వాళ్లు అనొద్దప్పా. అవి అను," అని చెవిలో చెప్పాను.

టవలు కింద ఖాయమైన బేరం వెనక్కి తీసుకోకూడదు. జతతో పాటు ఆటోలో ఆదోని చేరాను. మా అమ్మాయి వాటిని చూసి, అంతా విని, వ్యాసం కాగితం తెచ్చుకుంది.

"అంగడి ఉంటే కొట్టుకోరని రాయనా మరి?"

"వద్దు. రోకలి అంగట్లోదే" అన్నాను.

సాయంత్రం కొట్టు సర్దుతుంటే ఫోను మోగింది. స్టీలు అంగడాయన. ఎప్పటిలాగే మెత్తని గొంతు.

"ఇల్లు చేరితివా అన్నా? పిల్లలు బాగుండారా?"

మా అమ్మాయిని అడిగాడో, మేకల్ని అడిగాడో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. మా అమ్మాయి వాకిట్లో కూర్చుని వాటికి ఆకు పెడుతోంది. లోపలికి రమ్మని చేత్తో సైగ చేస్తూ, "బాగుండారన్నా" అన్నాను.