నాలుగో అంతస్తులో ఎడారి

అగ్నిపర్వతాలు ఏళ్ళ తరబడి బూడిద కక్కి, గాలి దాన్ని ఊరూరా మోసుకెళ్ళి పచ్చికను పూడిస్తే గాని ఏర్పడని ఎడారిని, మా తాత రాఘవులు సెంబవాంగ్‌లో నాలుగో అంతస్తు కారిడార్‌లో వారం తిరక్కుండా పుట్టించాడు. అంతటి మొనగాడు సింగపూర్‌లో ఇంకొకడు లేడు.

తాత పుట్టింది ఇక్కడే. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి నౌకాస్థావరంలో కూలికి వచ్చాడు. తాత ఓడలకు రంగులేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పొద్దున్నే ఇంట్లో ప్రతి చిప్పా, పళ్ళెమూ తిరగేసి నిలవ నీళ్ళు ఒంపేయడమే ఆయన డ్యూటీ. నిలవ నీళ్ళు కనిపిస్తే జరిమానా రాసే దోమల తనిఖీవాళ్ళు తన గుమ్మం ముందు టార్చి కూడా వెలిగించనక్కర్లేదని ఆయన గర్వం.

మా అక్క అరుంధతి చదువంతా మట్టి గురించి. జావాలో అగ్నిపర్వతం కింద నల్ల ఇసుక గాలికి లేచి పొలాల మీద పడుతోందట. ఏ గడ్డి వేళ్ళు ఆ ఇసుకను పట్టి ఉంచుతాయో చూడాలి. యూనివర్సిటీ తెప్పించిన ఇసుకను మూడు ట్రేల్లో పోసి గడ్డి నాటింది. ల్యాబులో చోటు దొరక్క ట్రేలను మా కారిడార్‌లో పెట్టి, జావాకి వెళ్తూ తాతకు అప్పగించింది.

"రోజూ కాసేపు ఫ్యాన్ వెయ్యి తాతా. పైనుంచి నీళ్ళు పోయకు. కింద పళ్ళేల్లో నీళ్ళుంటే గడ్డే పీల్చుకుంటుంది. నా డిగ్రీ దీనిమీదే ఉంది."

"ఎల్లిరా అమ్మా. నానున్నాను కదా."

మర్నాడు తెల్లారేసరికి పళ్ళేలు ఒంపేశాడు. బదులుగా గడ్డి మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. రోజూ అంతే. మనవరాలిని జరిమానా నుంచి కాపాడుతున్నానని లోపల్లోపల సంతోషం కూడా.

రెండు ట్రేల్లో గడ్డి ఎండిపోయింది. ఫ్యాన్ వేయగానే ఇసుక లేచింది. మొదట మా చెప్పుల్లో, తర్వాత లిఫ్టు దాకా, ఆపైన పక్కింటి హేమమాలిని ఆంటీ ఆరేసిన దుప్పట్ల మీద.

"ఏం అంకుల్, బీచ్ కడుతున్నారా?" అందావిడ.

తాత నవ్వలేదు. ట్రేలో వేలు గుచ్చి తడి కోసం వెతికాడు. అప్పుడు అర్థమైంది. ఫ్యాన్ ఆపి, పళ్ళేలు నింపి, ఇంకా పచ్చగా ఉన్న మూడో ట్రే పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. మకాన్‌కి రమ్మని, అన్నం చల్లారిపోతోందని పిలిచినా లేవలేదు. దోమ వాలితే దోమను కొట్టాడు గాని పళ్ళెం ముట్టుకోలేదు.

సాయంత్రం జావా నుంచి తిరిగొచ్చిన అక్క, సెంబవాంగ్‌లో ట్రైన్ దిగానని మెసేజ్ పెట్టింది. తాత మొహం చూడలేకపోయాను.

"ఫ్యాన్ స్పీడు పెంచి నేనే పాడుచేశానని చెప్తా తాతా. అక్కకి ఎలాగూ నా మీద నమ్మకం లేదులే."

"నీలు ఒంపింది నాను. నానే సెప్తాను. నువ్వు సీపురట్టుకో."