గుండ్లు తీసినవా?

ముందే చెబుతున్నాను. ఈ కథలో ఒక రివాల్వర్ పేలుతుంది. దాన్ని పేల్చింది దొంగ కాదు, పోలీసు కాదు, పగవాడు కాదు. అది పేలకుండా ఉండాలని హైదరాబాదు దాకా పోయి నేను కొనుక్కొచ్చిన తాళం. కంచే చేను మేసింది అంటారు కదా. మా ఇంట్లో కంచె చేను మేసి, తేన్చి, నా దిక్కు చూసి మూతి కూడా తుడుచుకుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను జడ్చర్ల దగ్గర ప్లాట్ల దందా చేసేవాణ్ణి. మా తాత గొర్రెలు కాశాడు. మా బాపు గొర్రెలు కాస్తున్నాడు. నేను మాత్రం ఆ గొర్రెలు మేసే భూమికి హద్దురాళ్లు పాతి అమ్ముతున్నాను. ఒకసారి హద్దుల తగాదాలో ఎవడో "నీ సంగతి చూస్త" అన్నాడు. వాడు చూడలేదు, మళ్లీ కనబడనూ లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నా ప్రాణానికి ఆపద ఉందని అర్జీ పెట్టి, ఆఫీసుల గడపలన్నీ అరగదీసి, రివాల్వర్‌కు లైసెన్సు సంపాదించాను. అది నడుముకు ఎక్కిన రోజే నా నడక మారింది. కొత్తగా కొమ్ములొచ్చిన పొట్టేలు గోడను కూడా పొడిచి చూస్తుంది. నాదీ అదే వరస. పాలప్యాకెట్ తేవడానికి కూడా రివాల్వర్‌తోనే పోయేవాణ్ణి.

నా భార్య భాగ్య మూడో రోజు తేల్చేసింది.

"ఇంట్ల పిల్ల ఉన్నది. అదన్న బయట ఉండాలె, మేమన్న బయట ఉండాలె."

పిల్ల అంటే మా అక్షర. ఒక్కతే కూతురు, అప్పటికి ఐదో ఏడు. కంటికి కనబడిన దాన్నల్లా ఊడబీకి లోపల ఏముందో చూసే రకం. గోడగడియారం దాని చేతిలోనే పోయింది. మిక్సీ కూడా ఆ దారినే పోయింది. అందుకని భాగ్య మాటలో న్యాయం ఉంది. ఆ న్యాయం వెతుక్కుంటూ నేను తుపాకుల దుకాణానికి పోయాను.

అక్కడ ఒక తాళం చూపించారు. రెండు దిమ్మల్లా ఉంటుంది. ట్రిగ్గర్‌కు అటొకటి ఇటొకటి పెట్టి, నొక్కి, తాళంచెవి తిప్పితే వేలు దూరే సందు మూసుకుపోతుంది. దుకాణదారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను ఎదురుగా ఉన్న అద్దంలో నన్ను నేను చూసుకుంటున్నాను. "ఖాళీ" అన్న మాట ఒకటి చెవిన పడింది. పాపం, దుకాణం ఖాళీ చేస్తున్నాడేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి తాళం వేసి బాపుకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంటే, తోడేలు మూతికి చిక్కం కట్టినవన్నమాట."

"గంతే బాపు. ఇగ ఫికర్ లేదు."

"చిక్కం మంచిదే కొడకా. గని తోడేలును తెచ్చి మందల ఎందుకు కట్టేసినవు?"

"నా ప్రాణం కాపాడుకునేటందుకు."

"ఎవని నుంచి?"

ఈ ప్రశ్న లైసెన్సు ఇచ్చిన ఆఫీసరు కూడా అడిగాడు. ఆయనకు రెండు పేజీల జవాబు రాసిచ్చాను. బాపు అడిగితే మాత్రం రివాల్వర్ తీసుకుపోయి బీరువాలో పెట్టాను.

అంతలో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలొస్తే మావంటి వాళ్లం తుపాకులు తీసుకుపోయి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. హెడ్ కానిస్టేబుల్ యాదయ్య ఫోన్ చేశాడు.

"మల్లేశం, నీ సామాన్ తెచ్చి జమ చెయ్యి."

"రేపు గుట్ట మీద దేవుని కాడ మా పిల్ల పుట్టెంటికలు తీపిస్తున్నమన్నా. ఎల్లుండి తెస్త."

"సరే. అందాక జర పైలం."

తెల్లవారింది. బయట ఆటో హారన్ కొడుతోంది. నేను రివాల్వర్‌కు తాళం బిగించి బీరువాలో పెట్టే హడావుడిలో ఉన్నాను. లోపలి గుండ్లు లోపలే ఉన్నాయి. తాళం వేశాక గుండ్లుంటే ఏంది, లేకుంటే ఏంది అనేది నా తర్కం. మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. ఆ రోజుల్లో నా తర్కానికి కూడా ఒక తాళం పడి ఉండేది, చెవి ఎక్కడో పోయింది.

వంటింట్లోంచి భాగ్య కేకేసింది.

"గుండ్లు తీసినవా?"

ఆ పొద్దున నా తలలో ఉన్నది ఒకటే గుండు, మా పిల్లది. దాని కోసమే ఆటో, దాని కోసమే గుట్ట.

"గా పని మీదనే ఉన్న గదనే. నడు నడు, ఆటో ఆగింది."

ఆమె తృప్తి పడింది. నేనూ తృప్తి పడ్డాను. ఇద్దరు మనుషులు రెండు వేరు వేరు సంగతులు మాట్లాడుకుని ఇంత నిమ్మళంగా ఇల్లు దాటడం జిల్లాలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

గుట్ట మీద పని బాగా జరిగింది. సాయంత్రం ఇల్లు చేరాం. అక్షర గుండు నిండా గంధంతో వాకిట్లో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, ఒక్కో చెంబు నీళ్లు నెత్తిన పోసుకుంటూ, అరచేత్తో గుండును టపటపా కొట్టుకుని మురిసిపోతోంది. నేను గడప మీద కూర్చున్నాను. పొద్దున్నే స్టేషన్‌కు పోవాలి కదా, తాళం తీసి రివాల్వర్ తుడుద్దామని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. దాని మూతి ఎటుందో చూసుకోలేదు.

గొర్రెల దొడ్లోంచి బాపు పిలిచాడు.

"అక్షరా, నీ గుండు చూస్తదంట గొర్రెపిల్ల. జల్ది రా బిడ్డ."

పిల్ల చెంబు అక్కడే పడేసి ఉరికింది.

నేను చెవి తిప్పాను. తాళం సగం ఊడి ఆగింది. పొద్దున తొందరలో వంకరగా బిగించానని అప్పుడు తెలిసింది. బలమంతా పెట్టి గుంజాను. ట్రిగ్గర్‌ను కదలనీయకుండా ఆపాల్సిన కడ్డీ ఒకటి ఆ తాళం లోపల ఉంటుంది. అదే పోయి ట్రిగ్గర్‌ను నొక్కింది.

నేను చాలా సంగతులు పెంచి చెబుతాను. ఆ చప్పుడును మాత్రం పెంచను. అది ఉన్నంత చాలు.

గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. డ్రమ్ముకు బొక్క పడి నీళ్లు ధారగా దూకుతున్నాయి. బాపుకు చెవుడు కొంచెం ఎక్కువే. దొడ్లోంచే అడిగాడు.

"ఇంక ఓట్లే పడలే గదరా, ఎవడు గెలిచిండని పటాకులు?"

భాగ్య బయటికొచ్చింది. నన్ను చూడలేదు. ముందు దొడ్డి వైపు చూసింది. గొర్రెపిల్లను చంకన పట్టుకుని అక్షర నిలబడి ఉంది. అప్పుడు డ్రమ్ము దగ్గరికి పోయి, ఆ బొక్కలో వేలు పెట్టి నీళ్లు ఆపింది. తమాషా చూద్దామని అక్షర కూడా వచ్చి తల్లి పక్కన నిలబడింది. తల్లి వేలు, పిల్ల గుండు, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

తాళం రెండు ముక్కలై నా కాళ్ల దగ్గర పడి ఉంది.

"పొద్దుగాల నిన్నేమడిగిన?" అంది భాగ్య, వేలు తీయకుండానే.

"గుండ్లు తీసినవా అన్నవు."

"నువ్వేమన్నవు?"

"పిల్ల గుండు అనుకున్ననే."

"మనకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే."

"ఒక్క పిల్లకు ఎన్ని గుండ్లుంటయి?"

నేను డిగ్రీ చదివినవాణ్ణి. ఏకవచనం, బహువచనం పరీక్షలో కూడా రాశాను. అక్షరే రెండు చేతులతో తల తడుముకుని, చాలా గంభీరంగా జవాబిచ్చింది.

"డాడీ, నాకు ఒకటే ఉన్నది."

పొద్దున దాకా ఆగలేదు. అప్పుడే స్టేషన్‌కు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. యాదయ్య అంతా విన్నాడు.

"లైసెన్సు ఎందుకు తీసుకున్నవు మల్లేశం?"

"ప్రాణరక్షణకన్నా."

"డ్రమ్ము నీ మీదికొచ్చిందా?"

అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మిగిలిన గుండ్లు అతను బల్ల మీద పెడుతుంటే ఒక్కొక్కటీ నాకు మా పిల్ల గుండులాగే కనబడింది. ఎన్నికలయ్యాక వచ్చి తీసుకుపొమ్మని కబురొచ్చింది. పోయాను. రివాల్వర్ తెచ్చుకోలేదు, లైసెన్సు కూడా వాళ్లకే ఇచ్చి వచ్చాను.

తాళం పనికిరానిదని నేననను. గుండ్లు తీసి, వాటిని వేరే జాగాలో పెట్టి, ఖాళీ తుపాకీని ఇనుప పెట్టెలో దాచేటప్పుడు వేస్తే, పిల్ల వేలికి అది ఇంకో అడ్డం. దుకాణదారు అన్న ఖాళీ ఆ ఖాళీయేనని ఆలస్యంగా అర్థమైంది. చిక్కం తోడేలును మేకను చేయదు. పైగా తాళం వేశానన్న ధీమా ఒకటుంటుంది, దానికి వేసే తాళం ఏ దుకాణంలోనూ దొరకదు.

డ్రమ్మును బాపు ఆ బొక్క వరకు కోసి గొర్రెలకు నీళ్ల తొట్టి చేశాడు. ఆ తొట్టి మీద చెయ్యి పెట్టి, మంద మొత్తం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా గడపలోకి తుపాకీ రాదు, దాని తాళమూ రాదు. భాగ్య ఏమడిగినా, ఒకటా, ఎక్కువా, ఏ రకానివి అని పూర్తిగా విచారించాకే నోరు తెరుస్తాను.

మొన్న వంటింట్లోంచి "పండ్లు కడిగినవా?" అని అడిగింది.

"నోట్లవా, గంపల్లవా?" అన్నాను. జవాబు వచ్చేదాకా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.