శారద కూర్చోని కుర్చీ

వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే పాండురంగం ఇంట్లో కూర్చోవడానికి కరువేమీ లేదు. ముందుగదిలో రెక్సిన్ సోఫా, దాని మీద ప్లాస్టిక్ కవరు. అది వచ్చేపోయే షావుకార్లకు. కిటికీ పక్కన వెడల్పాటి చేతులతో, పేము అల్లికతో పాతకాలపు టేకు పడక కుర్చీ, అది పాండురంగానికి. కోడలు శారదకు మాత్రం వంటింటి గడపే గతి. మామ కుర్చీలో కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో అప్రతిష్ఠ. ఆయన లేనప్పుడు కూర్చోవచ్చు కదా అంటారేమో. నోట్లో నాలుక లేని మనిషికి అంత ధైర్యమెక్కడిది?

కుర్చీకి చాకిరీ అంతా ఆమెదే. దుమ్ము తుడిచేది ఆమె, పేము సడలితే అల్లేవాణ్ణి పిలిపించేది ఆమె, చేతులకు కొబ్బరినూనె రాసేది ఆమె. రాస్తూ రాస్తూ దాని మీద ప్రేమ పెంచుకుంది. నలభై దాటి నడుము పట్టేశాక, ఒక్కసారి అందులో వెనక్కి వాలితే చాలనిపించేది.

పంతొమ్మిది వందల ఎనభై మూడులో మామకు పక్షవాతం వచ్చింది. ఆయన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, అన్నం కలిపి పెట్టడం శారద వంతే అయింది. ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఇంకెవరూ లేని వేళ, ఆయన వంకరపోయిన నోటితోనే అన్నాడు.

"నేను పోయినంక దీన్ల నువ్వు కూసో బిడ్డా. నీ నడుముకు జర సుఖముంటది."

శారదకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఆమె నడుము సంగతి ఎత్తిన మొదటి మనిషి ఆయనే.

చలికాలంలో ఆయన పోయాడు. పదకొండో దినం శయ్యాదానం. పోయినవారు వాడిన మంచం, పరుపు, గొడుగు, చెప్పులు దానమిస్తే పైలోకంలో వాళ్లకు అందుతాయని నమ్మకం. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, శారద భర్త ఆ కుర్చీని కూడా వాకిట్లోకి మోయించాడు. ఆమె అతన్ని పక్కకు పిలిచి మామ అన్న మాట చెప్పింది.

"ఎవరు విన్నరు?" అన్నాడతను. "ఇప్పుడు చెప్తే పోయినాయన కుర్చీకి ఆశపడ్డదంటరు. అయినా బాపు అక్కడ కింద కూసోవాల్నా?"

దానమిస్తే అందుతుందని శారద కూడా నమ్మేదే. మామను నేల మీద కూర్చోబెట్టి తాను కుర్చీలో ఎట్లా వాలుతుంది?

దానం పట్టిన అయ్యగారు పద్ధతి ప్రకారం అందులో కూర్చుని, కాళ్లు చాపి వెనక్కి వాలారు. పోయినాయనే వచ్చి కూర్చున్నట్టు అందరూ వరుసగా మొక్కారు. తన వంతు రాగానే శారద మెల్లగా వంగింది. లేవకుండానే, "కూసుంటే ఎట్లున్నది అయ్యగారూ?" అని అడిగింది.

మామ మీద ఎంత ప్రేమో అని చుట్టాలు కళ్లొత్తుకున్నారు.

"మస్తు హాయిగున్నదమ్మా," అన్నారు అయ్యగారు. "లేవబుద్ధి ఐతలేదు."