కోతకొచ్చిన తెల్లకణాలు

నా చిన్నప్పుడు, తెల్లగా ఉండే తిండి ఏదీ నా తమ్ముడి దగ్గరికి రాకూడదని మా జేజి, అంటే నాయనమ్మ, కట్టడి చేసిన రోజులు కొన్ని ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆ సంగతిని ఇంట్లో నవ్వుకోవడానికే చెప్పుకున్నాం. మొన్న మా వీధిలో ఒక తల్లి, జ్వరంతో ఉన్న కూతురి రక్తపరీక్ష కాగితం నాకు చూపించి, తెల్లకణాలు పెరిగాయట, అందుకే పాలు మానిపించానని మెల్లగా చెప్పింది. ఇది నవ్వుకుని వదిలేసేది కాదని, రాసిపెట్టాల్సిందేనని అప్పుడే అనుకున్నాను. నేను పెద్ద చదువులు చదవలేదు. ఇందులో ఉన్న శాస్త్రంలో కొంత చిన్నప్పుడు ఆసుపత్రిలో విన్నది, మిగిలింది ఆళ్లగడ్డ గ్రంథాలయంలో అర్థం కాని పేజీని పదేపదే చదివి నేర్చుకున్నది. అలా చెప్పుకోవడం నాకు గర్వమే.

శనగ కోతల కాలంలో అమ్మ వెంట చేనికి వచ్చిన తమ్ముడి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. పిన్నీసుతో ముల్లు తీశారు గానీ మొన లోపలే ఉండిపోయింది. పాదం వాచి, చీము పట్టి, ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చింది. నాయన వాణ్ణి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు చీమునూ ముల్లు మొననూ తీసి, కట్టు కట్టి, రక్తం పరీక్ష చేయించి, మందులిచ్చి, మళ్లీ తీసుకురమ్మన్నాడు. ఇంటికొచ్చిన నాయన, వాడి రక్తంలో తెల్లకణాలు పెరిగాయని చెప్పాడు. ఎందుకు పెరిగాయో బస్సు తొందరలో ఆయన అడగలేదు.

రక్తం ఎర్రగా ఉండాలి, అందులో తెలుపు చేరిందంటే మనిషి లోపల్లోపల పాలిపోతున్నట్టేనని మా జేజి భయం. పాలు, పెరుగు, వరి అన్నం, ఇడ్లీ అన్నీ ఆపించింది. రాగిసంగటి, బెల్లం, బీట్‌రూట్ పెట్టమంది. నా తమ్ముడు మామూలు రోజుల్లోనే పెరుగన్నం కోసం ఏడ్చే పిల్లవాడు. జ్వరంలో సంగటి ముద్ద వాడి గొంతు దిగేది కాదు. ఖాళీ కడుపున మాత్ర మింగి, వెంటనే కక్కేసేవాడు. అమ్మ అత్తకు ఎదురు చెప్పలేక వంటింట్లో కళ్లు తుడుచుకునేది. జేజిది మొండితనం కాదు. తన బిడ్డల్లో ఇద్దరిని ఆమె జ్వరాలకే పోగొట్టుకుంది.

పక్కింటి అక్క ఆ ఆసుపత్రి ల్యాబులోనే పనిచేసేది. ఆదివారం ప్రార్థనకు ఊరికి వచ్చినప్పుడు మా తమ్ముణ్ణి చూడడానికి వచ్చింది. అక్క గొంతు వింటేనే ఎగిరి గంతేసే పిల్లవాడు ఆ రోజు తల కూడా తిప్పలేదు. సంగతంతా విన్నా, ఆమె జేజిని తప్పు పట్టలేదు. ఈసారి చూపించడానికి వచ్చేటప్పుడు జేజి కూడా రావాలని, మనవడి రక్తాన్ని తన కళ్లతోనే చూడాలని మాత్రం అడిగింది. నేనూ వెంటపడ్డాను.

ల్యాబులో అక్క వాడి రక్తపు చుక్కను గాజుపలక మీద పల్చగా పరిచి, రంగుమందు పోసి, కడిగి ఆరబెట్టింది. జేజిని మైక్రోస్కోపు ముందు ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒక కన్ను మూయడం చేతకాక, అరచేత్తో కప్పుకుని జేజి చాలాసేపు చూసింది.

“ఏందీ పాపా, తెలుపు యాడుంది? ఇదంతా వంకాయ రంగే కదా.”

తెల్లకణాలకు సొంతంగా ఏ రంగూ లేదని, ఆ వంకాయ రంగు తను పోసిన మందుదని అక్క చెప్పింది. చుట్టూ లేత ఎరుపు బిళ్లల్లా పరుచుకున్నవి ఎర్రకణాలని, వాటి ముందు తెల్లకణాలు ఇప్పటికీ బహు కొద్దేనని కూడా చెప్పింది. తర్వాత నన్ను చూడనిచ్చింది. దారానికి గుచ్చిన పూసల్లాంటి కేంద్రకం ఉన్నవే ఎక్కువగా కనిపించాయి. అవి న్యూట్రోఫిల్స్. దెబ్బ తగిలినచోటికి ముందుగా పరుగెత్తి, క్రిముల్ని మింగి, అక్కడే చచ్చిపోతాయి. తమ్ముడి కాలి నుంచి తీసిన చీములో చాలా భాగం అవేనని అక్కే చెప్పింది.

మిగతావాటి పేర్లు తర్వాత గ్రంథాలయంలో నోటికి నేర్చుకున్నాను. లింఫోసైట్‌ను గుండ్రటి కేంద్రకమే దాదాపు నింపేసి ఉంటుంది. వాటిలో కొన్ని క్రిమిని పట్టే ప్రతిదేహాలను తయారుచేస్తాయి, కొన్ని క్రిమి సోకిన కణాలనే చంపుతాయి, కొన్ని ఒకసారి వచ్చిన శత్రువును ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి. మోనోసైట్ అన్నిటికన్నా పెద్దది. గుర్రపు లాడంలా వంగిన కేంద్రకం దానిది. కణజాలంలోకి దిగాక ఇంకా పెరిగి, చచ్చినవాటిని మింగి శుభ్రం చేస్తుంది. కేంద్రకం రెండు తమ్మెలుగా ఉండి, నారింజ రంగు రేణువులతో నిండినది ఇసినోఫిల్, కడుపులో పురుగుల మీదికి పోయేది. బేసోఫిల్ చాలా అరుదు. ముదురు నీలి రేణువులు దాని కేంద్రకాన్నే కప్పేస్తాయి. అవి బయటపడితే దురద, వాపు.

ఆ రోజు అక్క జేజికి ఇదంతా చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడిగింది.

“అవ్వా, మీ చేన్లో ఈ కాలంలో మనుషులు ఎక్కువ కనపడతాండారు. చేనికి రోగమొచ్చిందనా?”

“రోగమేందే, కోతకు వచ్చినోళ్లు.”

“వీళ్లూ అంతే. ఆ ముల్లు పుండుతో పనిబడి వచ్చినారు.”

జేజి మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగింది. మా చేనికి వచ్చిన కూలీలకు మజ్జిగ పోయకుండా ఆమె ఏనాడూ కొడవలి పట్టనివ్వలేదు. తలెత్తకుండానే అడిగింది.

“మరి ఇంతమందికి కూడు ఎవరు పెడతాండారు?”

అక్క వరండాలో బెంచీ మీద తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్న అమ్మ వైపు చూసింది. జేజి గబగబా బయటికి పోయి అమ్మ పక్కనున్న సంచి లాక్కుంది. క్యారేజీ పై గిన్నెలో సంగటి ఉంది.

“ఏమ్మే, అడుగు గిన్నె తియ్. పొద్దున నువ్వు దాస్తాంటే నేను చూడలేదనుకుంటివా?”

అమ్మ గిన్నెలు విడదీసింది. అడుగు గిన్నెలో పెరుగన్నం. జేజి తన చేత్తోనే కలిపి ముద్దలు పెట్టింది. తమ్ముడు మెల్లగా తిన్నాడు, మాత్ర వేసుకున్నాడు, ఈసారి కక్కలేదు. కాలు మాన్పింది మందులే. ఆ మందుల్ని కడుపులో నిలిపింది పెరుగన్నం.

తెల్లకణాలు అన్నివేళలా ఇలాంటి మంచి పనికే పెరగవని, ఎందుకు పెరిగాయో తేల్చాల్సింది డాక్టరేనని తర్వాత చదివాను. అందుకే మొన్న మా వీధిలోని ఆ తల్లికి, అడగకుండా పాలు ఆపొద్దు, డాక్టరునే అడుగుదాం పద అని చెప్పి వెంట పోయాను. పెరిగింది అనగానే భయపడకుండా, ఎందుకొచ్చింది అని అడగడం నాకు ఆ రోజు నుంచే అలవాటు.

ఇంతవరకు ఎవరి పేరూ చెప్పలేదు. జేజితో వాదించకుండా స్టూలు చూపించిన ప్రసన్నక్కకు, నాకోసం పై అరలోని పుస్తకాలు దించిపెట్టిన గ్రంథాలయం హుసేన్ సారుకు, అడుగు గిన్నెలో పెరుగన్నం దాచి తెచ్చిన మా అమ్మ ఓబులమ్మకు, చూసి కూడా నంద్యాల దాకా ఆ సంచి మోయనిచ్చిన మా జేజి నాగమ్మకు నా దండాలు.