విజిల్ పడ్డాక

మా అమ్మాయిని తీసుకురావడానికి స్కూలుకు వెళ్ళాను. చెక్క నేల మీద బూట్లు కీచుమన్న చప్పుడు వినగానే ఆటల హాలు గుమ్మంలోనే ఆగిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడుకి నాకు గుర్తొచ్చేది జుబైల్, జుబైల్ అంటే కారెన్ ఆంటీ.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. నాన్న గల్ఫ్‌లోని ఆ ఊళ్ళో పెట్రోకెమికల్ ప్లాంటులో ఇంజనీరు. విదేశీ ఉద్యోగుల ఇళ్ళుండే మా కాంపౌండులో ఆటల హాలు సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు ఆడవాళ్ళది. ఆ గంటలో మాకు బాస్కెట్‌బాల్ నేర్పింది కారెన్ ఆంటీ. ఆస్ట్రేలియా ఆవిడ, భర్త ఉద్యోగం కోసం వచ్చింది. గుమ్మం దాటేటప్పుడు అలవాటుగా తల వంచేంత పొడుగు. సొంత దేశంలో కొన్నేళ్ళు, ఆపైన హంగరీలో, ఇటలీలో ఆటే ఉద్యోగంగా బతికిందని తెలిసి మా ఇంట్లో అందరికీ ఒకటే కుతూహలం. టీకి పిలిచాం. "ఆటాడితే జీతమిస్తారా? అడగవే," అని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"మా ఊళ్ళో అది చాలక పొద్దున పూట బేకరీలో పనిచేసేదాన్ని," అని నవ్వింది ఆంటీ. "బయటి దేశాల్లో నయం. అక్కడ మమ్మల్ని ఇంపోర్ట్ అంటారు. జట్టుకి ఇద్దరమే. వరసగా నాలుగు మ్యాచ్‌లు చెడగొడితే విమానం ఎక్కించేస్తారు."

నాన్న కప్పు కింద పెట్టి, "అయితే మీకూ కఫీల్ ఉండేవాడన్నమాట!" అన్నారు. మమ్మల్ని ఆ దేశంలో ఉండనిచ్చేదీ, పంపేసేదీ ఆ కఫీలే మరి. మాట అర్థమయ్యాక ఆమె చాలాసేపు నవ్వింది. ఆనాటి నుంచి నాన్న ఎదురైతే "తోటి ఇంపోర్ట్" అని పలకరించేది.

నాకప్పుడు ఒకటే ఆశ. పక్క కాంపౌండు అమ్మాయిలతో మ్యాచ్ ఉంది, ఆడే ఐదుగురిలో నేనుండాలి. గురి బాగానే కుదిరేది కానీ నాకో జబ్బుండేది. ఎవరికైనా కాలు తగిలిందా, బంతి వదిలేసి వంగి, వాళ్ళను ముట్టుకుని కళ్ళకద్దుకునేదాన్ని. అమ్మ చిన్నప్పుడే నేర్పింది, చేతులు వాటంతటవే వెళ్ళేవి. ఈలోగా బంతి కాస్తా అవతలివాళ్ళ పాలయ్యేది. మావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒకరోజు ఆంటీ విజిల్ ఊది నన్ను పక్కకు పిలిచింది. జట్టులోంచి తీసేస్తుందనుకున్నాను.

"ఆ చేస్తున్నదేమిటో చెప్పు. నాకు నిజంగా తెలుసుకోవాలనుంది."

"కాలు తగిలితే తప్పు ఆంటీ. క్షమించమని అలా చేస్తాం."

"చెయ్యి తగిలితే?"

"ఫరవాలేదు."

"మోచెయ్యి?"

ఎవరూ చెప్పలేదు నాకది.

"నా పళ్ళు రెండు మోచేతులకే పోయాయిలే," అని నవ్వి, "ఇది మానకు. విజిల్ పడ్డాక చెయ్యి. అందాకా గుర్తుపెట్టుకో, అంతే," అంది.

మ్యాచ్‌లో నన్ను బరిలోకి దించింది. చివర్లో అవతలి జట్టు అమ్మాయి పాదం తొక్కాను. చేతులు కిందికి లాగుతున్నాయి. పళ్ళు బిగించి బంతి విసిరితే బుట్టలో పడింది. ఆట ముగిశాక వెతుక్కుంటూ వెళ్ళి ఆ పిల్ల బూటు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. మేం ఓడిపోయాం. అయినా ఆంటీ మొహం వెలిగిపోతోంది.

ఆ వేసవిలోనే వాళ్ళకు దేశం వదిలి వెళ్ళిపోయే ఫైనల్ ఎగ్జిట్ పడింది. కారు దగ్గర నన్ను దగ్గరికి తీసుకోబోయి నా కాలు తొక్కింది. వెంటనే అంత పొడుగు మనిషీ వంగి, నా చెప్పు ముట్టుకుని కళ్ళకద్దుకుంది.

"అయ్యయ్యో! పెద్దవాళ్ళు అలా చెయ్యకూడదు, పిల్లకి ఆయుష్షు తగ్గిపోద్ది!" అని అమ్మ గగ్గోలు పెట్టింది. ఏడుస్తూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను.

"విజిల్ పడింది కదా," అంది ఆంటీ.

ఇప్పుడు ఆఫీసులో ఎవరినైనా నొప్పించిన రోజున పని మధ్యలో ఆగను. సాయంత్రం వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళకుండా ఇంటికీ రాను. కారెన్ ఆంటీని ఎక్కడ వెతకాలో మాత్రం తెలియదు. ఆరోజు ఏడుపులో ఆమెకు చెప్పలేకపోయిన కృతజ్ఞత ఇంకా నా దగ్గరే ఉంది.