మొద్దుగా పలికిన దూలం

నా చిన్నప్పుడు మైదుకూరులో మా తాత ఒక పాత మోటారు కారు కొన్నాడు. ఎవరో వకీలు గారింట్లో, వాన కారే కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉన్న బండి అది. మోకాళ్ల నొప్పులతో మా అవ్వ బస్సు ఎక్కలేకపోయేది. ఈ బండిని బాగుచేయించి ఆమెను మహానందికి తీసుకుపోవాలని తాత పంతం.

పని పట్టింది మా వీధి చివరి మేస్త్రీ మామ. జీవితమంతా ఇనుము కొట్టి కొట్టి ఆయన చెవులు సగం పోయాయి. బండి అడుగున ఉండే ఇనుప దూలాలు లోపల బోలుగా ఉంటాయి. తుప్పు లోపలి నుంచే తింటుంది, బయట రంగు మాత్రం నిగనిగలాడుతుంది. "పైన పటారం, లోన లొటారం పాపా, కంటిని నమ్మేదానికి కాదు" అనేవాడు. అందుకని నా చెవులు అరువు తీసుకున్నాడు. అవ్వతో కుండల బేరానికి పోయి, వేలితో తట్టి బీట వారిన కుండను పట్టేయడంలో నేను అప్పటికే ఘనురాలిని. ఆయన చిన్న సుత్తితో కొడతాడు, నేను విని చెబుతాను. ఖంగుమంటే మంచి ఇనుము. మొద్దుగా పలికితే లోపల తుప్పు తిన్నట్టే, అక్కడ సుద్దముక్కతో గీత గీసి, అంతమేర దూలాన్ని కోసేసి కొత్త రేకు అతికేవాడు.

ప్రయాణానికి ముందురోజు చివరి దూలం మిగిలింది. అది వెనక సీటు కింద, సరిగ్గా అవ్వ కూర్చునే చోట. సుత్తి పడింది. తడిసిన కట్టె మీద కొట్టినట్టు పలికింది.

"ఎట్లుండాది పాపా?" అన్నాడు.

రేపే కారులో పోతున్నామని బడిలో అందరికీ గొప్పలు చెప్పేశాను. గీత పడితే ఇంకో పది రోజులు ఆగాలి. "మోగుతాండాది మామా" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

తెల్లవారింది. అవ్వ పట్టుచీర కట్టుకుని, పులిహోర మూటతో వాకిట్లో నిలబడింది. వెనక చక్రం ఇంకోసారి బిగిద్దామని మామ ఆ దూలం కింద జాకీ పెట్టి ఎత్తాడు. జాకీ దూలంలోకి దిగిపోయింది. ఎర్రటి పొడి దోసెళ్లకొద్దీ రాలింది. అవ్వ అప్పటికి ఇంకా ఎక్కలేదు, అదొక్కటే అదృష్టం.

తాత మండిపడ్డాడు. "ఏమప్పా, ముసల్దాన్ని సంపాలనుకుంటివా? ఇంత పెద్ద మేస్త్రీవి, ఇది తెల్కపోయెనా?"

వీధంతా చూస్తోంది. మామ నా వైపు తల కూడా తిప్పలేదు. "నా చెవులదే తప్పు పెద్దాయనా. సరింగా ఇనపల్యా" అన్నాడు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. సిగ్గుతో చచ్చిపోతూ అవ్వ కొంగు వెనక దాక్కున్నాను.

మధ్యాహ్నం ఆయన దగ్గరికి పోయి ఏడుస్తూ నిజం చెప్పాను. "నాకు తెల్సులే పాపా. నీ చెవికి పొరపాటు రాదు" అన్నాడు, అంతే. దూలాలన్నీ మొదటి నుంచి చూద్దామని నన్ను మళ్లీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను "మోగుతాండాది" అన్నచోటల్లా మారు మాట్లాడకుండా ముందుకు జరిగాడు. ఒక్కచోట కూడా రెండోసారి కొట్టి చూడలేదు. రెండు చెంపదెబ్బలు వేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నెల తర్వాత అవ్వ ఆ కారులోనే పోయి మహానంది కోనేట్లో మునక వేసింది. వస్తూ మామకు ప్రసాదం తెచ్చింది, "చెవుడైతేనేమి, మంచి పనిమంతుడు పాపం" అంటూ. నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు. తాతా అవ్వా ఆ నిజం తెలియకుండానే పోయారు.

ఇప్పటికీ ఎవరైనా "నువ్వు చెప్తే చాలమ్మా" అంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఒక్క నిమిషం ఆగమని, ఆ సంగతేదో ఇంకోసారి సరిగ్గా విని చెబుతాను.