కాఫీ, ఆవకాయ, నా వాదన

ఇరవైరెండేళ్ల వయసులో నాకు దేవుడి మీద లేని నమ్మకమంతా నా నోటి మీద ఉండేది. పాలకొల్లులో డిగ్రీ చదువుతూ వక్తృత్వ పోటీల్లో నాలుగు స్టీలు గిన్నెలు గెలుచుకున్నదాన్ని (మా అమ్మ ఇప్పటికీ వాటిలోనే చింతపండు నానబెడుతుంది). ఇంట్లో నాకు సరిజోడు నాన్నగారొక్కరే. హైస్కూల్లో సోషల్ మాస్టారు. పొద్దున్నే పేపరు మధ్యలో వేసుకుని మేం వాదించుకుంటుంటే పక్కింటివాళ్లకి అలారం అక్కర్లేకపోయేది.

ఆ ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెమ్మదిగా స్వాధీనంలోకొచ్చాయి గానీ మాట రాలేదు. డాక్టరుగారు ఓపిక పట్టమన్నారు. నెల దాటేసరికి నాన్నగారు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు అమ్మ నన్ను వెనకవీధి మామ్మగారింట్లో శుక్రవారం లలితా పారాయణానికి లాక్కెళ్లింది. నేను వెళ్లింది దణ్ణం పెట్టడానికి కాదు, శ్లోకాలతో నరాలు బాగవుతాయా అని నిలదీయడానికి. తీరా పారాయణం అయ్యాక చూస్తే, ఎప్పుడూ పొగలు కక్కే మామ్మగారి కాఫీ గ్లాసు లేదు. ఏంటని అడిగితే అమ్మ మెల్లగా చెప్పింది. కాశీకెళ్లినవాళ్లు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తారే, అలా నాన్నగారికి మాటొచ్చేదాకా మామ్మగారు కాఫీ వదిలేశారట. టైలరమ్మ ఆవకాయ వదిలేసింది. బ్యాంకు మేనేజరుగారి భార్య టీవీ సీరియల్ మానేసింది, అదీ కథ మంచి పట్టులో ఉండగా. మాతో సరిగ్గా మాట్లాడనైనా మాట్లాడని ఒకావిడ మధ్యాహ్నం నిద్ర మానుకుందట. పదకొండుమంది, మూడు వారాలుగా, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా!  దానికి నేనన్న మాట ఇది:

"ఇదంతా ఎందుకండీ? నేనసలు నమ్మను."

"నిన్ను నమ్మమన్నదెవరే? నీకిష్టమైందొకటి వదులు, చాలు," అన్నారు మామ్మగారు.

తెలివిగా కాకరకాయ అన్నాను (చిన్నప్పట్నించీ నాకది పడదు).

"నీకిష్టమైందేంటో ఈ వీధంతటికీ తెలుసు. మీ నాన్నకి మాటొచ్చేదాకా ఎవరితోనూ వాదించకు."

అన్యాయమని వాదించడానికి నోరు తెరిచాను. పదకొండు జతల కళ్లు నా వైపు తిరిగాయి. మూసుకున్నాను.

తర్వాత పదహారు రోజులు కూరలబ్బాయి ఎంత చెబితే అంత, అత్తయ్య ఎన్నంటే అన్ని, అన్నిటికీ "అవునండి" అన్నాను. సంగతి తెలిసి కూడా అమ్మ జ్వరమేమోనని నా నుదురు తాకి చూసింది. పదిహేడో రోజున జంగారెడ్డిగూడెం నుంచి బాబాయ్ వచ్చి మంచం పక్కన కూర్చుని, ఆనకట్ట కట్టకముందే ఈ డెల్టా ఎక్కువ పండేదని తేల్చేశాడు. నా నాలుక చివర ఎన్ని కరువులు, ఎన్ని వరదలు నిలబడ్డాయో నాకే తెలుసు. పళ్లు బిగబట్టి, "అవును బాబాయ్," అన్నాను.

గోడవైపున్న నాన్నగారు మెల్లగా ఇటు తిరిగారు. కన్నకూతురు మతం మార్చుకున్నా అంత నిర్ఘాంతపోయి చూసేవారు కాదేమో. పెదవులు వణికాయి.

"త... తప్పు," అన్నారు.

బాబాయ్ చేతిలో మజ్జిగ గ్లాసు జారిపోయింది. నేను చెప్పుల్లేకుండా వెనకవీధికి పరిగెత్తాను. మామ్మగారు నా మొహం చూశారు. కళ్లొత్తుకుని, పొయ్యి మీద పాలు పెట్టారు.

అది అమ్మవారి దయా, బాబాయ్ అజ్ఞానమా అని నాన్నగారూ నేనూ ఇంకో పదేళ్లు వాదించుకున్నాం. తేల్చకుండానే ఆయన వెళ్లిపోయారు. మామ్మగారూ లేరు. పారాయణం ఇప్పుడు మా ఇంట్లోనే. మొన్న శుక్రవారం, తల్లి ఆసుపత్రిలో ఉన్న ఓ కాలేజీ పిల్ల వచ్చి, ఇదంతా మూఢనమ్మకం కాదా ఆంటీ అని నిలదీసింది. నా దగ్గర మూడు జవాబులున్నాయి, మూడూ పదునైనవే.

"కావచ్చమ్మా," అన్నాను.

వాళ్లమ్మ ఇంటికొచ్చేదాకా నేను మళ్లీ వదిలేశానని ఆ పిల్లకి చెప్పలేదు. పక్కన కూర్చున్న మా అమ్మకీ చెప్పలేదు. పాపం, కంగారుగా చెయ్యి చాచి నా నుదురు తాకి చూసింది.